వేల్స్‌లో పుస్తకాల నిధులకు కోత: తెలుగు ప్రచురణకు ప్రభుత్వ డబ్బు అవసరమా?

కాచిగూడ చదువరి:
బ్రిటన్‌లోని వేల్స్‌లో పుస్తక ప్రచురణకు ప్రభుత్వ సాయం 1961లో ఏర్పడిన పుస్తక మండలి ద్వారా అందుతుంది. 2024-25 బడ్జెటులో ఆ మండలి నిధులకు పది శాతం మేర కోత పడింది. 1970లో మొదలైన ‘ప్లానెట్’ అనే ఇంగ్లీషు పత్రిక 2024లో గ్రాంటు దక్కక ఆగిపోయింది. 2021 జనగణన ప్రకారం అక్కడ వెల్ష్ భాష మాట్లాడేవారు 5.38 లక్షల మంది. 2011 లెక్కల్లో తెలుగువారు 8.11 కోట్లు. మనకు కూడా అటువంటి సాయం కావాలా అన్నది సభ్యులు చర్చించాలని కోరుతున్నాను.

చిన్న ప్రచురణకర్త:
కావాలి. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాషలో నేను ఒక కథల సంపుటిని ఐదు వందల ప్రతులకు మించి అచ్చు వేయలేకపోతున్నాను. నార్వేలో 1965 నుంచి ప్రభుత్వమే కొత్త సాహిత్య గ్రంథాలను వందల ప్రతుల చొప్పున కొని దేశమంతటా గ్రంథాలయాలకు పంపుతోంది. అందువల్ల తొలి ముద్రణ ఖర్చుకు భయపడకుండా కొత్త రచయితను అచ్చు వేసే ధైర్యం ప్రచురణకర్తకు వస్తుంది. మన దగ్గర కొత్తగా పన్ను కూడా వేయనక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును మనందరం ఇప్పటికే కడుతున్నాం. స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం కూడా కోతే. ఆ బకాయిలు ఇప్పించి, పుస్తకాలకు నిధులు పెంచాలని ప్రభుత్వానికి ఒక వినతిపత్రం రాస్తున్నాను, సభ్యుల సంతకాలు కావాలి.

మల్కాజిగిరి పాఠకుడు:
ఎనిమిది కోట్ల మందిలో వెయ్యి మంది కొనని పుస్తకాన్ని ప్రభుత్వం ఎందుకు కొనాలి? ఐదు లక్షల మంది భాషకు వర్తించే న్యాయం మనకు వర్తించదు. పైగా డబ్బు ఇచ్చేవారే ఏది అచ్చు కావాలో నిర్ణయిస్తారు. మాస్కో నుంచి తెలుగులో చవకగా వచ్చిన పుస్తకాలన్నీ సోవియట్ ప్రభుత్వం తన అవసరం కోసం ఖర్చు పెట్టినవే. 1991లో ఆ ప్రభుత్వం పోగానే అవీ ఆగిపోయాయి.

బర్కత్‌పుర శ్రీను:
ఆ పుస్తకాలతోనే మా ఇంట్లో ముగ్గురం చదువరులమయ్యాం. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఇప్పటికీ వాటి కోసమే వెతుకుతాను.

చిన్న ప్రచురణకర్త:
మల్కాజిగిరి గారూ, మాట్లాడేవారి సంఖ్యను కొనేవారి సంఖ్యగా లెక్కిస్తున్నారు. మాట్లాడేవారందరికీ తెలుగు చదవడం రాదు. చదవగలిగినవారిలో చాలామందికి పుస్తకాల దుకాణం అందుబాటులో లేదు. కాచిగూడ, కోఠి దాటితే ఈ మహానగరంలోనే ఎన్ని దుకాణాలున్నాయో చెప్పండి. దూరంగా ఉన్న పాఠకుడికి తపాలా ద్వారా పంపుదామంటే, 2024 డిసెంబరులో తపాలా శాఖ తక్కువ ఖర్చుతో పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు సదుపాయాన్ని ఎత్తివేసింది. పుస్తకం మీద జీఎస్టీ లేదు కానీ కాగితం మీద ఉంది. అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి, కాగితానికి కట్టిన పన్ను మాకు తిరిగి రాదు. నా సంగతే చెబుతాను. ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ నా పుస్తకాలు తీసుకుని ఏళ్లు గడిచినా బిల్లు చెల్లించలేదు. ఆ సొమ్ము వచ్చి ఉంటే ఒక యువ కవయిత్రి తొలి సంపుటి ఈపాటికి వెలువడేది.

మల్కాజిగిరి పాఠకుడు:
ఎనిమిది కోట్ల ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మీ బిల్లు రాకపోవడం అన్యాయమే, కానీ ఒక బిల్లును పట్టుకుని తెలుగు ప్రచురణకే ప్రభుత్వ డబ్బు కావాలనడం సరికాదు.

చిన్న ప్రచురణకర్త:
ఒక్క బిల్లు అని తేలికగా అనకండి. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి అచ్చు వేసినవాడికి ఆ ఒక్క బిల్లే మరుసటి పుస్తకం. మీరు చదివే పుస్తకం మీ చేతికి రావడానికి ఎవరు ఎంత పోగొట్టుకున్నారో తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.

మల్కాజిగిరి పాఠకుడు:
నేనూ పోగొట్టుకున్నవాణ్ణే. నా నవల రెండుసార్లు గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంచే కమిటీకి వెళ్లి, కారణం చెప్పకుండా తిరిగి వచ్చింది. కమిటీకి తెలిసినవారి పుస్తకాలు మాత్రం అదే సంవత్సరం అలమారలకు చేరాయి. పన్ను డబ్బు ఇవ్వడం మీద నాకు అభ్యంతరం లేదు. ఏ పుస్తకాన్ని ఎందుకు ఎంచుకున్నారో బయటికి చెప్పని మనుషుల చేతికి ఇవ్వడం మీదే నా అభ్యంతరం. మీరు నిధులు పెంచమంటే, వారి అధికారాన్ని పెంచమన్నట్టే నాకు వినిపిస్తోంది.

కాచిగూడ చదువరి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే చర్చ జనాభా లెక్కల్లో ఇరుక్కునేది కాదు.

అశోక్‌నగర్ అభ్యర్థి:
చిక్కడపల్లి గ్రంథాలయంలో నాలాంటివారు పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుంటారు. మాకు పోటీ పరీక్షల పుస్తకాలు చాలడం లేదు. ముందు అవి కొనాలి.

విశ్రాంత గ్రంథపాలకురాలు:
ఆ అబ్బాయి అవసరం నిజమైనది. అయితే నిధులు తగ్గినప్పుడు ముందుగా ఆగేది కథ, కవిత్వం, పిల్లల పుస్తకాల కొనుగోలే. పరీక్షల పుస్తకం కావాలని పాఠకులు వచ్చి అడుగుతారు. ఇంకా పేరే వినని రచయిత పుస్తకం కావాలని ఎవరూ అడగరు. దానిని పాఠకుడి ముందు పెట్టవలసింది గ్రంథాలయమే. కొత్త పుస్తకాలు రావడం ఆగిన శాఖలో పిల్లలు రావడం కూడా ఆగిపోవడం నేను ఉద్యోగంలో ఉండగా చూశాను, ఆ తరువాత నిధులు వచ్చినా వారిని తిరిగి రప్పించడం చాలా కష్టమైంది.

చిన్న ప్రచురణకర్త:
మల్కాజిగిరి గారి నవలకు జరిగినది తప్పే. ఎంపికే అడ్డంకి అయితే ఐస్‌లాండ్ పద్ధతి చూడండి. నాలుగు లక్షల లోపు జనాభా ఉన్న ఆ దేశం 2019 నుంచి, తమ భాషలో వెలువడే పుస్తకాల ప్రచురణ ఖర్చులో 25 శాతాన్ని చట్ట ప్రకారం తిరిగి చెల్లిస్తోంది. అక్కడ ఈ పుస్తకం మంచిది, ఆ పుస్తకం కాదని ఏ కమిటీ తేల్చనక్కరలేదు.

మల్కాజిగిరి పాఠకుడు:
అందులో ఎక్కువ పుస్తకాలు వేసే పెద్ద సంస్థలకే ఎక్కువ సొమ్ము పోతుంది, పుస్తకం పాఠకుడికి చేరుతుందన్న హామీ కూడా లేదు. దానికంటే నార్వే వారిలా గ్రంథాలయాలకు కొనడమే మేలు. అయితే ఎంపికైనవి, తిరస్కరించినవి రెండు జాబితాలూ కారణాలతో సహా ప్రకటించాలి. అది జరగనంతవరకు నేను మీ వినతిపత్రం మీద సంతకం చేయను.

చిన్న ప్రచురణకర్త:
జాబితాల సంగతి వినతిపత్రంలో చేరుస్తాను. కానీ అవి వచ్చేదాకా సెస్సు బకాయిలు అడగకుండా ఆగడానికి నేను ఒప్పుకోను.

విశ్రాంత గ్రంథపాలకురాలు:
పిల్లల పుస్తకాలకు విడిగా వాటా అడగండి. అది ఉంటే నేను సంతకం చేస్తాను.