కెన్యాలో 2007లోనే వచ్చింది, మనకెందుకు ఆలస్యం?

ప్రశ్న: కెన్యాలో మామూలు బటన్ ఫోన్లతోనే 2007 నుంచి ఎం-పెసాలో డబ్బులు పంపుకుంటున్నారట. మనకు యూపీఐ 2016 దాకా ఎందుకు రాలేదు? మా అమ్మమ్మ దగ్గర ఇప్పటికీ బటన్ ఫోనే, ఆవిడకేం దారి?

జవాబు 1: అక్కడ నడిపింది సఫారీకామ్ అనే టెలికాం కంపెనీ. బ్యాంకు ఖాతా అక్కర్లేదు, నైరోబీలో కొడుకు వీధిలో ఏజెంటు కొట్లో నోట్లిచ్చి తన నంబర్‌లో వేయించుకుని పంపితే, ఊళ్లో తల్లి తన ఫోన్లో పిన్ కొట్టి అక్కడి ఏజెంటు దగ్గర నగదు తీసుకుంటుంది. మన ఆర్బీఐ మాత్రం బ్యాంకుల ద్వారానే జరగాలంది.

జవాబు 2: నన్నడిగితే అదే మంచిదైంది, ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా ఛార్జీ లేకుండా వెళ్తోంది.

జవాబు 3: అమ్మమ్మగారికి ఖాతా ఉంటే 2022లో వచ్చిన యూపీఐ 123పే చూడండి, నెట్ అక్కర్లేదు, కాల్ చేసి పంపొచ్చు. పిన్ ఎవరడిగినా చెప్పొద్దనండి.