వాల్డ్‌హైమ్ దాచింది నేరమా, కొలువా?

దేవునికడప: 1972 నుంచి 1981 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్. 1986లో ఆస్ట్రియా అధ్యక్ష పదవికి నిలబడినాకనే, హిట్లర్ సైన్యంలో ఆయన చేసిన కొలువు రచ్చకెక్కింది. యుద్ధ నేరస్థుడు అనొచ్చా?

బురుజునీడ (కర్నూలు): అబద్ధాలకోరు అను, ఒప్పుకుంటా. నేరస్థుడు అనొద్దు. వియన్నా పక్కూరి బడి అయ్యవారి కొడుకు. 1941 డిసెంబరులో రష్యాలో గాయపడినాడు. ఆ పైన లా చదువుకున్నట్టే ఆత్మకథలో రాసుకున్నాడు. చదివింది నిజమే, 1944లో డాక్టరేటు వచ్చింది. కాకపోతే అది సెలవుల్లో చదివిన చదువు. మిగతా కాలమంతా బాల్కన్‌లో కొలువు. ఆ ముక్కనే మింగేసినాడు.

టవర్‌క్లాక్ (అనంతపురం): అది చిన్న ముక్కనా అన్నా? 1942లో పశ్చిమ బోస్నియా కొజారా కొండల్లో పార్టిజాన్ల (జర్మన్ల మీద తిరగబడిన గెరిల్లాల) వేట జరిగినప్పుడు అక్కడి జర్మన్ దండుకు సరఫరాలు చూసే విభాగంలో ఉన్నాడు. పదుల వేల పల్లెజనాన్ని క్యాంపులకు తోలినారు. హిట్లర్ చేతికింది క్రొయేషియా ప్రభుత్వం జ్వొనిమిర్ పతకం ఊరికే ఇచ్చిందా?

బురుజునీడ: పతకం కాదప్పా, పని చూడు. 1943 ఆఖర్లో గ్రీసులో సలోనికా నగరం పక్కన ఆర్సక్లిలో, బాల్కన్‌లోని జర్మన్ సైన్యం ఆర్మీ గ్రూప్ 'ఇ' గూఢచారి విభాగంలో 'ఓ3' అనే చిన్న హోదా ఆఫీసరు. మన లెక్కన లెఫ్టినెంటు. కింది దళాల కబుర్లు పోగేసి పొద్దునొకటి, సాయంత్రమొకటి నివేదిక తయారుచేయాల. కాగితం కింద 'డబ్ల్యూ' అని పొడి సంతకం. ఆజ్ఞలిచ్చే అధికారం సున్నా.

టవర్‌క్లాక్: తాసిల్దారాఫీసులో నకలు మీద 'అసలుతో సరిచూడడమైనది' అని సంతకం పెట్టే గుమాస్తా భూమి రాసియ్యడు, సరే. చదవకుండా సరిచూస్తాడా? ప్రతీకార చర్యలు మితిమీరితే జనం పార్టిజాన్ల వైపే పోతారని 1944 మేలో నివేదిక రాసిందీ ఆయనే. ఊర్లు కాలుస్తున్న సంగతి తెలియనోడు ఆ మాట యాడనుంచి తెస్తాడు? 1943 మార్చి నుంచి ఆగస్టు దాకా సలోనికా నుంచి 40 వేలకు పైగా యూదులను చావు క్యాంపులకు రైళ్లెక్కించినారు. కర్నూలుకు కల్లూరెంతో సలోనికాకు ఆర్సక్లి అంత.

బురుజునీడ: ఆ నెలల్లో చాలామటుకు ఆయన అక్కడ లేడు. 1943 మే 22న మాంటెనెగ్రోలోని పోడ్గొరిత్సా విమానాల మైదానంలో ఎస్‌ఎస్ (నాజీల సాయుధ దళం) జనరల్ ఫ్లెప్స్ పక్కన తీసిన ఫొటో ఉంది కదా. పత్రికలు ఆయన్ని ఇరికించింది దాంతోనే. సలోనికాలో లేడనడానికి సాక్ష్యమూ అదే! 1988లో ఆస్ట్రియా ప్రభుత్వం వేసిన చరిత్రకారుల కమిషన్ తేల్చింది కూడా ఇదే: అన్నీ తెలుసు, అడ్డు చెప్పలేదు, సొంతంగా నేరం చేసినట్టు ఆధారం లేదు.

దేవునికడప: మరి 1948లో ఐక్యరాజ్యసమితి యుద్ధ నేరాల కమిషన్ 'ఏ' జాబితాలో పెట్టింది కదా?

బురుజునీడ: యుగోస్లావియా పంపిన కేసు అది. 'ఏ' అంటే విచారణకు సరిపడా ఆధారం ఉందని, శిక్ష పడిందని కాదు. ఆనక ఆ దేశమే ఆయన్ని అప్పగించమని అడగలేదు.

టవర్‌క్లాక్: ఆ దస్త్రం యాడుందో కూడా చెప్పు సామీ. న్యూయార్కులో, ఐక్యరాజ్యసమితి రికార్డు గదిలోనే. పదేండ్లు అదే సంస్థకు ఈయనే పెద్ద.