ఉర్గెంచ్ దాకా వెళ్తున్నాం, నది అవతల ఎడారి కోటలు నాన్నతో కలిసి చూడగలమా?

పెన్నగట్టు:

అందరికీ నమస్తే. మా తమ్ముడు ఉజ్బెకిస్తాన్‌లో, ఉర్గెంచ్‌లో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ చదువుతున్నాడు, అక్టోబర్‌లో నేనూ అమ్మానాన్నా వాడిని చూడ్డానికి వెళ్తున్నాం, మొత్తం 8 రోజులు, అందులో రెండు రోజులు ప్రయాణాలకే పోతాయి. ఎవర్ని అడిగినా సమర్‌ఖండ్, బుఖారా చూసి రండి అంటున్నారు, ఆ రెండిటి గురించీ తెలుగులోనే బోలెడు వీడియోలు ఉన్నాయి. తమ్ముడేమో అక్కా అవి తర్వాతెప్పుడైనా చూడొచ్చు, ఇక్కడే నది దాటితే ఎడారిలో రెండు వేల ఏళ్ళ నాటి మట్టి కోటలు ఉన్నాయి, ఎవరూ రారు, అవి చూద్దాం అంటున్నాడు. మ్యాప్‌లో చూస్తే నదికి ఇవతల ఉర్గెంచ్, ఖీవా, అవతల కరకల్పక్‌స్తాన్ అని ఉంది, ఆ పేరు వినడం కూడా నాకు ఇదే మొదటిసారి.

నాన్నకి 64. జెడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆల్జీబ్రా పుట్టిన చోటికి వెళ్తున్నామా అని తమ్ముడికి ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు, ఈ ట్రిప్ మీద ఆయనకున్నంత ఆశ మాకెవరికీ లేదు. కాకపోతే మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఆ కోటల దాకా వెళ్ళడం వీళ్ళిద్దరితో అయ్యే పనేనా, లేక ఖీవా ఒక్కటి చూసుకుని వచ్చేయాలా? వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ఇసుకదారి:

వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. నేను కిందటి ఏడాది ఏప్రిల్‌లో వెళ్ళాను, సమర్‌ఖండ్, బుఖారా, ఖీవా అన్నీ చూశాను, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే గుర్తొచ్చేది మాత్రం అయాజ్ కలా అనే ఎడారి కోట. మీ తమ్ముడికి మంచి టేస్ట్ ఉంది.

ముందు ఆ కోటలు అక్కడ ఎందుకున్నాయో చెప్తాను, అది తెలిస్తే చూసేటప్పుడు వేరేగా ఉంటుంది. ఆ నది అము దర్యా, గ్రీకులు ఆక్సస్ అన్నారు, మన పురాణాల్లో వచ్చే వక్షు నది ఇదేనంటారు. ఒక పక్క కిజిల్‌కుమ్ అంటే ఎర్ర ఇసుక, ఇంకో పక్క కారాకుమ్ అంటే నల్ల ఇసుక, ఈ రెండు ఎడారుల మధ్య నుంచి పోతుంది. నది నుంచి కాలవలు తవ్వి ఎడారిలోకి నీళ్ళు మళ్ళించుకున్నారు, కాలవ ఎంత దూరం పోతే అంత దూరం ఊళ్ళు, పొలాలు, ఆ పొలాల్ని కాపాడుకోడానికి కోటలు. అదే పాత ఖ్వారెజ్మ్ దేశం. కాలవ ఎండిపోయినా, నది దారి మార్చుకున్నా ఊరు ఖాళీ. అందుకే ఇవాళ చుక్క నీళ్ళు లేని చోట అంత పెద్ద గోడలు నిలబడి కనిపిస్తాయి. ఆ జిల్లా పేరే ఎల్లిక్ కలా, అంటే యాభై కోటలు.

రాయి ఉండదు. అంతా మట్టి, ఎండబెట్టిన పచ్చి ఇటుకలు. మా తాతగారిది కర్నూలు వైపు మట్టి మిద్దె, నాలుగు వానాకాలాలు పట్టించుకోకపోతే గోడ కరిగిపోయేది, అలాంటిది క్రీస్తు పూర్వం 4వ శతాబ్దం గోడ ఇంకా ఉందంటే వాన లేకపోబట్టే. అయాజ్ కలా అంటే ఒకటి కాదు, మూడు. పెద్దది గుట్ట మీద ఉంటుంది, గోడ లోపల విలుకాళ్ళు నడవడానికి కట్టిన సన్నటి దారి ఇప్పటికీ తెలుస్తుంది, బాణాలు వేసే కంతల్లోంచి చూస్తే కింద ఎడారి. రెండోది దానికన్నా చాలా తర్వాత కట్టింది, విడిగా ఒక చిన్న గుట్ట మీద. సాయంత్రం ఎండ వాలేటప్పుడు ఆ రెండో దాని మీద వెలుగు పడుతుంది చూడండి, నేను గంటన్నర అలా కూర్చుండిపోయాను, మా డ్రైవర్ కూడా తొందర పెట్టలేదు. టికెట్ల క్యూ లేదు, గైడ్ల గోల లేదు, ఇంకో టూరిస్టు కూడా లేడు.

తోప్రక్ కలా మాత్రం మిస్ అవ్వకండి. సుమారు 500 బై 350 మీటర్ల ఊరు, ఒక మూల ఎత్తు మీద రాజు ప్యాలెస్, క్రీస్తు శకం 2-3 శతాబ్దాల నాటిది. 1938లో తొల్‌స్తోవ్ అనే సోవియట్ ఆర్కియాలజిస్ట్ టీమ్ దీన్ని గుర్తించింది, తర్వాత తవ్వితే గోడల మీద రంగుల బొమ్మలు, మట్టి శిల్పాలు, ఖ్వారెజ్మ్ లిపిలో తోలు మీదా కర్ర మీదా రాసిన లెక్కలూ పత్రాలూ దొరికాయి. శిల్పాలూ బొమ్మలూ చాలా వరకు రష్యాలో హెర్మిటేజ్ మ్యూజియంకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఉన్నది ఖాళీ గదులే, అయినా ఎక్కడ ఏముండేదో చదువుకుని వెళ్తే చాలు, ఆ గదుల్లో నడుస్తుంటే వేరేగా ఉంటుంది.

మీ నాన్నగారి సంగతి: అల్ ఖ్వారిజ్మీ అంటేనే ఖ్వారెజ్మ్ వాడు అని. ఆయన పని చేసింది బాగ్దాద్‌లో, పుస్తకం రాసింది అక్కడే, కాబట్టి ఆల్జీబ్రా పుట్టిన చోటు అనేకంటే ఆయన పేరు పుట్టిన చోటు అనొచ్చు. ఆయన పుస్తకం పేరులోని అల్ జబ్ర్ నుంచే ఆల్జీబ్రా, ఆయన పేరు లాటిన్‌లోకి వెళ్ళి అల్గారిదమ్ అయింది. మన అంకెలతో లెక్కలు ఎలా చెయ్యాలో ఆయన రాసిన పుస్తకం కూడా అవి యూరప్ దాకా వెళ్ళడానికి ఒక కారణం. ఖీవాలో పడమటి ద్వారం బయట ఆయన విగ్రహం ఉంది, మాస్టారిని అక్కడ ఒక ఫోటో తీయండి.

ఇంకో పెద్దాయన కూడా ఉన్నాడు, అల్ బీరూనీ, 973లో పుట్టాడు, గజనీ మహమ్మద్ కాలంలో మన దేశం వచ్చి సంస్కృతం నేర్చుకుని మన శాస్త్రాల గురించి రాసినాయన. ఆయన పుట్టిన కాత్ అనే పాత రాజధాని మీరు కోటలకి వెళ్ళే దారిలోనే, ఇప్పుడు ఆ ఊరి పేరే బెరూనీ. కాత్‌లో ఉన్న పాత కోటని నది కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోయి 994 నాటికి ఆనవాలు లేకుండా చేసిందని రాసింది కూడా ఆయనే.

మోయ్‌నాక్, అంటే అరల్ సముద్రం ఎండిపోయి ఇసుకలో మిగిలిన ఓడలున్న ఊరు, అది మాత్రం వదిలేయండి. కరకల్పక్‌స్తాన్ రాజధాని నుకుస్ నుంచి ఇంకో 200 కిలోమీటర్లు, పెద్దవాళ్ళతో అంత కూర్చోబెట్టడం ఎందుకు.

థర్డ్_ఇయర్_ఉర్గెంచ్:

అక్కా నేనూ ఇక్కడే చదువుతున్నా, మీ తమ్ముడు మా బ్యాచే అయి ఉంటాడు. పై అన్న చెప్పినవన్నీ కరెక్టే, నేను ఉండేవాడిగా కొన్ని చెప్తా.

ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది, సింగిల్ ఎంట్రీ 20 డాలర్లు. ఢిల్లీ నుంచి తాష్కెంట్ డైరెక్ట్, అక్కడి నుంచి ఉర్గెంచ్‌కి లోకల్ ఫ్లైట్ ఉంది, ట్రైన్ కూడా ఉంది కానీ చాలాసేపు పడుతుంది, అంకుల్‌కి ఫ్లైటే బెటర్. ముఖ్యమైనది మందుల సంగతి, ట్రమడాల్ అనే నొప్పి మందు గానీ కోడీన్ ఉన్న దగ్గు మందు గానీ తీసుకురాకండి, మోకాళ్ళ నొప్పికి ఏం వాడుతున్నారో చూసుకుని ప్రిస్క్రిప్షన్ ఒరిజినల్ పెట్టుకోండి, ఇక్కడ దీని మీద చాలా స్ట్రిక్ట్. డ్రోన్ కూడా అస్సలు తేవద్దు, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు. హోటల్ వాళ్ళు రిజిస్ట్రేషన్ స్లిప్ ఇస్తారు, అది పడేయకుండా దాచండి.

కోటలకి బస్సులు ఉండవు, రోజంతా టాక్సీ మాట్లాడుకోవాలి, ఉర్గెంచ్‌లోనో ఖీవాలోనో ఎక్కాలి, ఏయే కోటలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో ముందే చెప్పి రేటు కూడా ముందే ఒప్పుకోండి. కోటల దగ్గర నీళ్ళు కొనుక్కోడానికి కొట్టు కూడా ఉండదు, బాటిళ్ళు కారులో పెట్టుకోండి. క్యాష్ ఉంచుకోండి, డాలర్‌కి సుమారు 12 వేల సోమ్‌లు, చేతిలో కట్టలు చూసి ఆంటీ కంగారు పడతారు.

ఆంటీ తిండి గురించి నిజం చెప్తా, కష్టమే. గుమ్మడికాయ సంసా, మన సమోసా లాంటిది, దొరుకుతుంది, బాగుంటుంది, కానీ చాలామంది అందులో గొర్రె కొవ్వు వేస్తారు, అడక్కుండా కొనకండి. ఖీవా స్పెషల్ తుహుమ్ బరాక్ అంటే లోపల గుడ్డు, అదీ వద్దు. షివిత్ ఓషి అని సోయికూర వేసి ఆకుపచ్చగా చేసే నూడుల్స్ ఉంటాయి, మీద మాంసం కూర వేస్తారు, అది లేకుండా పెట్టమంటే పెడతారు. గోష్త్‌సిజ్ అనండి, గోష్త్ మనకీ తెలిసిన మాటే, సిజ్ అంటే లేకుండా. తందూర్ రొట్టె, పెరుగు, టమాటా దోసకాయ ముక్కలు, కర్బూజా ఎక్కడైనా దొరుకుతాయి. అక్టోబర్ అంటే కర్బూజా సీజన్ చివర్లో, ఖ్వారెజ్మ్ కర్బూజా తింటే మళ్ళీ మన దగ్గరది తినబుద్ధి కాదు. కందిపొడి, నిమ్మకాయ పచ్చడి తెచ్చుకోండి, మాకూ కాస్త తెస్తే సంతోషం అక్కా. ఎడారిలో సాయంత్రం అవగానే చలి, స్వెట్టర్లు మర్చిపోవద్దు.

పత్తిచేను:

ఇసుకదారి గారూ, కోటల గురించి మీరు రాసింది చదివి చాలా సంతోషం వేసింది, కానీ మోయ్‌నాక్ వదిలేయమన్న దానికి మాత్రం ఒప్పుకోను. మాది ఆదిలాబాద్ జిల్లా, మూడు తరాలుగా పత్తి రైతులం. ఆ నదిని చూసి అది ఎక్కడ చచ్చిపోయిందో చూడకుండా రావడం నా వల్ల కాలేదు.

అరల్ ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. 1960ల నుంచి పత్తి కోసం అము దర్యా, సిర్ దర్యా నదుల నీళ్ళు కాలవల్లోకి మళ్ళించారు, ఆ కాలవలు చాలా వరకు మట్టి కాలవలే, సగం నీళ్ళు ఇసుకలోనే ఇంకిపోయేవి. మోయ్‌నాక్ చేపల రేవు, అక్కడ చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు ఆ ఊరి నుంచి నీళ్ళు 100 కిలోమీటర్ల పైన దూరం వెళ్ళిపోయాయి. తుప్పు పట్టిన ఓడలు ఇసుకలో ఉంటాయి, వాటి చుట్టూ గవ్వలు, నేను చేతిలోకి తీసుకుని చూశాను. ఎండిన సముద్రం అడుగున ఉప్పు దుమ్ము లేవకుండా సక్సావుల్ అనే ఎడారి చెట్టు నాటుతున్నారు. అక్కడ నిలబడి మా చేను గుర్తు తెచ్చుకుంటే నోట మాట రాలేదు. రెండు వేల ఏళ్ళ క్రితం కాలవ ఎండి కోటలు ఖాళీ అయ్యాయి, మా నాన్న కాలంలో సముద్రమే ఖాళీ అయింది.

కానీ పెద్దవాళ్ళతో ఒక్క రోజులో వెళ్ళి రావడం కష్టం, అది నిజమే. నుకుస్‌లో రెండు రాత్రులు ఉంటేనే పెట్టుకోండి. మోయ్‌నాక్ కుదరకపోయినా నుకుస్‌లో సవీత్‌స్కీ మ్యూజియం మాత్రం చూడండి. ఇగోర్ సవీత్‌స్కీ అనే చిత్రకారుడు 1950లో ఆ తొల్‌స్తోవ్ తవ్వకాల టీమ్‌తో బొమ్మలు గీయడానికి వచ్చి అక్కడే ఉండిపోయాడు, సోవియట్ ప్రభుత్వం వద్దన్న చిత్రకారుల పెయింటింగులు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సేకరించి, మాస్కోకి అంత దూరంలో, ఎవరూ పట్టించుకోని ఎడారి ఊళ్ళో 1966లో మ్యూజియం పెట్టాడు. కింద కరకల్పక్ ఆడవాళ్ళ వెండి నగలు, ఎర్ర ఎంబ్రాయిడరీ, కోటల్లో దొరికిన వస్తువులు కూడా ఉంటాయి. లిఫ్ట్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

పెన్నగట్టు:

ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇప్పుడే నాన్నకి మొత్తం చదివి వినిపించాను, బీరూనీ ఊరు దారిలోనే అనగానే లేచి కూర్చున్నారు. అమ్మ కందిపొడి లిస్టులో రాసింది, మీ అందరికీ సరిపడా తెస్తుందట తమ్ముడూ. ఒక్కటే భయం, ఏ కోట నాన్న ఎక్కగలరు, ఏది ఎక్కలేరు?

ఇసుకదారి:

తోప్రక్ కలా వాలు ఉంది గానీ నెమ్మదిగా ఎక్కొచ్చు, చేతికర్ర ఉంటే చాలు. దాని పక్కనే కిజిల్ కలా, కింద నుంచి చూసినా నిండుగా కనిపిస్తుంది. అయాజ్ కలాలో కింద యుర్త్ క్యాంప్ ఉంది, గొర్రె ఉన్ని గుడారాలు, మాస్టారు అక్కడ కుర్చీ వేసుకుని టీ తాగుతూ రెండో కోట చూడొచ్చు, పైకి మీరూ తమ్ముడూ వెళ్ళండి. చిల్పిక్ మాత్రం ఆయన కింద నుంచే చూడాలి, మెట్లున్నాయి కానీ నిటారు. అది జొరాస్ట్రియన్లు, అంటే పార్సీల మతం వాళ్ళు, చనిపోయినవాళ్ళని ఎండకీ పక్షులకీ వదిలిన గుండ్రటి గోడ, నుకుస్ రోడ్డు పక్కనే గుట్ట మీద. పైకి ఎక్కితే ఒక వైపు ఎడారి, ఇంకో వైపు నది, మీరు ఎక్కి నాన్నకి వీడియో కాల్ చేసి చూపించండి, మాకు అక్కడ సిగ్నల్ దొరికింది.

పత్తిచేను గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వదిలేయండి అని అంత తేలిగ్గా అనకుండా ఉండాల్సింది. పెన్నగట్టు గారూ, రోజులు కుదిరితే వెళ్ళండి.

పెన్నగట్టు:

నాన్న మోయ్‌నాక్ కూడా వెళ్దాం అంటున్నారు, కారులో కూర్చోడానికి మోకాళ్ళతో పనేముంది అన్నారు. నుకుస్‌లో రెండు రాత్రులు వేసి ఖీవాకి ఒక రోజు తగ్గించాను. తమ్ముడు ఆదివారం టాక్సీ వాళ్ళతో మాట్లాడతానన్నాడు, రేటు తెలిశాక మళ్ళీ ఇక్కడ అడుగుతాను.