ఒర మీది ఇత్తడి మేకుల చుట్టూ చిలుము: ఆపేదెలా?

1820–40 మధ్య రాకీ పర్వతాల్లో బొచ్చుతోళ్ల వేటగాళ్లు కట్టుకున్న తరహా కత్తి ఇది. పాత ఆకురాయిని మెత్తబరిచి కొలిమిలో సాగగొట్టి, అయస్కాంతం పట్టని వేడికి ఇంకాస్త పైదాకా కాల్చి గోరువెచ్చని నూనెలో ముంచి, 200 డిగ్రీల ఓవెన్‌లో రెండేసి గంటలు రెండుసార్లు ఉంచింది. అలుగు బాగుంది, చిక్కంతా ఒరతోనే.

తుమ్మచెక్కతో పదునుచేసిన 3 మి.మీ. తోలు, కుట్టు మధ్యలో తోలు పట్టీ, మైనం పట్టించిన నారదారం, అంచు వెంట ఇత్తడి బొడిపె మేకులు. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాలి ఎముకల నుంచి తీసే తోలు నూనె) రాశాక మేకుల చుట్టూ పచ్చగా చిలుము ఊరుతోంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు ఇత్తడిలోని రాగిని తింటున్నాయి కాబట్టి తుడిచినా మళ్లీ వస్తుంది.

మేకుల కాడలకూ తలల అడుగుకూ లక్క వార్నిష్ పూస్తే ఎన్నాళ్లు ఆగుతుంది? నూనె మానేసి తేనెమైనం ఒక్కటే రుద్దితే తోలు మడతల దగ్గర పగులుతుందా?

ఇంకొకటి, కాడల మొనలు లోపలికి వచ్చి అలుగును గీస్తున్నాయి. వాటిని మడిచికొట్టి పలుచని తోలు అస్తరు అంటించాలా, లేక మధ్య పట్టీని వెడల్పు చేసి మేకులన్నీ అందులోకే దించాలా? అస్తరు వేస్తే చెమ్మ నిలిచి ఇనుము తుప్పు పడుతుందేమోనని అనుమానం. చేసి చూసినవాళ్లు చెప్పండి. స్టీలు మేకులు మాత్రం వద్దు, ఆనాటి రూపం పోతుంది.