కుక్కరులో క్రీమీ పాస్తా: పాలు పొంగుతున్నాయి, అడుగంటుతోంది. ఎక్కడ తప్పు?

కొత్తపేట వంటిల్లు

ఐదు లీటర్ల అల్యూమినియం కుక్కరు, బయటి మూతది. గ్యాస్ స్టవ్. నలుగురికి రాత్రి భోజనం. పావుకిలో పెన్నె పాస్తా, రెండు గ్లాసుల గేదెపాలు, గ్లాసు నీళ్లు, తరిగిన టమాటాలు రెండు, చీజ్ క్యూబులు రెండు, ఉప్పు, మిరియాల పొడి. అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టి, పెద్ద మంట మీద మూడు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతటదే పోయేదాకా వదిలేశాను. రెండో విజిల్‌కి వెయిట్ పక్కనుంచి పాలు పొంగి బర్నరు మీద పడ్డాయి. మూత తీస్తే పాస్తా సంగటిలా ముద్దయింది, పాలు విరిగాయి, అడుగున మాడు.

విడిగా ఉడకబెట్టి, వార్చి, బాణలిలో సాస్ చేసే పద్ధతి తెలుసండి. అన్ని గిన్నెలు తోముకోలేకే కుక్కరు అడుగుతున్నాను. నీళ్లు ఎన్ని, విజిల్స్ ఎన్ని, పాలు ఎప్పుడు పోయాలి? ఇంకొకటి, ఇక్కడ ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ ప్రతి కొట్లోనూ ఉండదు. మీగడ వాడొచ్చా?

పలుకు ముఖ్యం

పెద్ద తప్పు నిజానికి ఒకటేనండి, మూడు చోట్ల కనబడింది. పాలు, చీజ్ మూత కిందికి వెళ్లకూడదు. మూత పెట్టేటప్పుడు లోపల ఉండాల్సింది పాస్తా, నీళ్లు, ఉప్పు, కొంచెం వెన్న, క్యారెట్టు బీన్సు లాంటి గట్టి కూరగాయలు. అంతే. మిగతావన్నీ మూత తీశాకే.

వెయిట్ లేచే ఒత్తిడిలో లోపల వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది, గరిటె పెట్టి తిప్పే వీలు లేదు. పాలు కదలకుండా ఆ వేడికి అడుగున అంటుకుని అక్కడే మాడతాయి. గేదెపాలు చిక్కన కనుక ఇంకా త్వరగా. పైగా పాస్తా వదిలే గంజి నురగ కడుతుంది, దానికి పాల నురగ తోడైతే నేరుగా వెయిట్ గొట్టంలోకి ఎక్కుతుంది. మీ స్టవ్ మీద పడింది అదే. విరగడం టమాటా పులుపు వల్ల.

ఇప్పుడు కొలతలు. గ్లాసులు ఇంటింటికీ మారతాయి, అందుకని మిల్లీలీటర్లలో చెబుతాను.

పాస్తా 250 గ్రాములు, నీళ్లు 550 మి.లీ. వేశాక గరిటెతో చదును చేస్తే పాస్తా మునిగీ మునగనట్టు ఉండాలి. ఒకటి రెండు ముక్కలు పైకి తేలినా ఫర్వాలేదు. ముందుగా కుక్కరులోనే 20 గ్రాముల వెన్న కరిగించి, సన్నగా తరిగిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఉల్లిపాయ ఒకటి వేసి, రెండు నిమిషాలు వేయించండి. ఉల్లి ఎర్రబడనివ్వకండి, తెల్ల సాస్‌లో నల్లగా కనబడుతుంది. నీళ్లు పోశాక అడుగు ఒకసారి గరిటెతో గీకండి. అంటుకున్న ఉల్లిముక్క ఒక్కటి ఉన్నా మాడు అక్కడే మొదలవుతుంది. తర్వాత కూరగాయలు, ఉప్పు, పైన పాస్తా.

ఉప్పు ముప్పావు చెంచా చాలు. వార్చే పద్ధతిలో ఉప్పు నీళ్లతో పోతుంది, ఇక్కడ వేసిందంతా కంచంలోకే వస్తుంది. చీజ్‌లోనూ ఉప్పుంటుంది. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి అక్కడివాళ్లు టిన్ను నీళ్లు వాడితే మంచిది.

మూత పెట్టి పెద్ద మంట. మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి రెండు నిమిషాలు గడియారం చూడండి. స్టవ్ కట్టేసి మూడు నిమిషాలు ఆగి, గరిటె కాడతో వెయిట్ కొద్దికొద్దిగా ఎత్తి మిగిలిన ఆవిరి తీసేయండి. స్టవ్ కట్టిన వెంటనే ఎత్తితే గంజి చిమ్ముతుంది, చెయ్యి కాలుతుంది. పూర్తిగా వదిలేస్తే పాస్తా లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. మీది సంగటి అవ్వడానికి మూడు విజిల్స్ కంటే ఆ వదిలేసిన పది పదిహేను నిమిషాలే ఎక్కువ కారణం.

మూత తీయగానే ఒక ముక్క తీసి గోరుతో తుంచి చూడండి. మధ్యలో సూదిమొనంత తెల్లచుక్క కనబడాలి. అన్నం అయితే పలుకు అని మళ్లీ పెడతాం, పాస్తాకి ఆ పలుకే కావాలి. పాలలో మరో మూడు నిమిషాలు ఉండేసరికి చుక్క పోతుంది. చుక్క అప్పటికే లేకపోతే ఈసారి సిమ్‌లో ఒక నిమిషం తగ్గించండి.

అడుగున కొంచెం చిక్కటి గంజి మిగులుతుంది. వార్చకండి! సాస్‌కి చిక్కదనం ఇచ్చేది అదే, మైదా, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. కాచి గోరువెచ్చగా ఉన్న పాలు 200 మి.లీ. పోసి, సిమ్‌లో తిప్పుతూ, తురిమిన చీజ్ 50 గ్రాములు రెండు దఫాలుగా వేయండి. మామూలు చీజ్ క్యూబులే మేలు, వాటిలో కలిపే లవణాల వల్ల నూనె విడిపోకుండా నున్నగా కరుగుతాయి. మోజరెల్లా అయితే తీగలు సాగి ఉండకడుతుంది. మిరియాల పొడి, చిల్లీ ఫ్లేక్స్ చివర్లో. ఇంకా కొంచెం పల్చగా ఉందే అనిపిస్తున్నప్పుడే దింపేయండి, కంచంలోకి వెళ్లేలోపు బిగుస్తుంది.

రెండు విజిల్స్

ఇంత లెక్కెందుకండీ? పెద్ద మంట మీద రెండు విజిల్స్, వెంటనే ఆవిరి తీయడం. పప్పుకీ అన్నానికీ విజిల్ లెక్క సరిపోతున్నప్పుడు దీనికెందుకు సరిపోదు?

పలుకు ముఖ్యం

మీ కుక్కరులో మీ మంట మీద సరిపోతుందండి, కాదనను. ఇంకొకరింట్లో పోదు. మూడు లీటర్ల కుక్కరు తొందరగా ఆవిరి కడుతుంది, ఐదు లీటర్లది ఆలస్యం. పెద్ద బర్నరు మీద రెండో విజిల్ అర నిమిషంలోపే రావొచ్చు, చిన్నదాని మీద రెండు నిమిషాలు పట్టొచ్చు. పప్పు ఒక విజిల్ ఎక్కువైనా పప్పే, మెదిపే పని తప్పుతుంది. పాస్తాకి ఆ నిమిషమే తేడా.

ప్యాకెట్ మీద ఉడికే సమయం రాసుంటుంది, లెక్క దాన్నుంచి తీసుకోండి. నేను పైన చెప్పింది 11 నిమిషాలని రాసున్న పెన్నెకి. ఏడెనిమిది నిమిషాల మాకరోనీ అయితే మొదటి విజిల్‌కే కట్టేసి, ఒక్క నిమిషం ఆగి ఆవిరి తీయాలి. ఫ్యూసిల్లి పెన్నెలాగే. స్పఘెట్టి కుక్కరులో వద్దు. విరిచి వేసినా కట్టలు కట్టలుగా అతుక్కుంటుంది.

ప్యాకెట్ వెనక డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందో లేదో కూడా చూడండి. విడిగా తూకానికి అమ్మే మాకరోనీలో మైదా కలిసిందైతే ఎన్ని లెక్కలు కట్టినా అంచులు చిట్లి గంజిలో కలిసిపోతాయి. దాన్ని కుక్కరులో పెట్టకుండా విడిగా ఉడికించడమే నయం.

పాలబూత్

మీగడ సంగతి ఎవరూ చెప్పలేదు. వాడొచ్చండి, కానీ ఏ మీగడ అన్నది ముఖ్యం. వెన్న తీయడానికి వారం రోజులు గిన్నెలో పోగేసేది పనికిరాదు. దానికి తోడు వేసినా వేయకపోయినా పులిసే ఉంటుంది, వేడి సాస్‌లో వేస్తే తరకలు తరకలుగా విడిపోతుంది, వాసన కూడా మజ్జిగదే. ఆ రోజు కాచిన పాల మీద కట్టిందే కావాలి. లీటరు గేదెపాలు కాచి చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి మందంగా అట్టులా తీయొచ్చు, రెండు మూడు చెంచాలు వస్తుంది. ఈ కొలతకి అది చాలు.

అట్టు అలాగే వేస్తే కరగదు, పేలికల్లా తేలుతుంది. రెండు చెంచాల చల్లటి పాలతో మిక్సీలో నాలుగైదు సెకన్లు తిప్పండి. పదిహేను ఇరవై సెకన్లు తిప్పారంటే వెన్న విడిపోతుంది, అప్పుడు పూరీలో రాసుకోవడమే. మిక్సీ లేకపోతే టీ వడగట్టే జల్లెడలో చెంచాతో నొక్కి దించితే సరి. మీగడ వేసేది స్టవ్ కట్టేశాక. ప్యాకెట్ క్రీమ్‌కీ ఇదే మాట.

మీగడ వేస్తున్నప్పుడు వెన్న సగానికి తగ్గించుకోండి, లేకపోతే పైన నెయ్యి తేలి తిన్నవాళ్లకి వెగటు కొడుతుంది.

కొత్తపేట వంటిల్లు

చాలా బాగా చెప్పారండి. రెండు సందేహాలు. టమాటా వేయకుండా పిల్లలు తినరు, ఏం చేయాలి? చీజ్ బదులు కొబ్బరిపాలు పోస్తే కుదురుతుందా? కొబ్బరన్నం కుక్కరులో కొబ్బరిపాలతోనే పెడతాం కదా, అది ఎందుకు పాడవదు?

కోనసీమ కొబ్బరి

కొబ్బరన్నంలోనూ పాలు విరుగుతాయండి, మనకి కనబడదు. విడిపోయిన నూనె మెతుకుకి పట్టుకుని పొడిపొడిగా ఉంచుతుంది, మనకి అదే కావాలి. పాస్తాకి నున్నటి సాస్ కావాలి కాబట్టి ఆ విరుగుడు తెల్లని రవ్వలా కంటికి కొడుతుంది.

అందుకని రెండు పాలూ విడివిడిగా తీయండి. ఒక పెద్ద కొబ్బరికాయ తురిమి 150 మి.లీ. గోరువెచ్చని నీళ్లతో మిక్సీ పట్టి గుడ్డలో పిండితే చిక్కటి మొదటి పాలు. ఆ పిప్పికే మళ్లీ పావులీటరు నీళ్లు పోసి పిండితే రెండో పాలు. రెండో పాలు పల్చన కాబట్టి నీళ్ల లెక్కలో కలిపి మూత కింద పోయొచ్చు, 550లో సగం దాకా. మొదటి పాలు మాత్రం మూత తీశాకే, సిమ్‌లో, అంచున చిన్న బుడగ కనబడగానే కట్టేయాలి. తెర్లనిస్తే విరుగుతుంది.

చీజ్ లేదు కాబట్టి పట్టు కోసం జీడిపప్పు పన్నెండు పలుకులు అరగంట వేడినీళ్లలో నానబెట్టి మెత్తగా రుబ్బి కలపండి. జీడిపప్పుకి పేరున్న మోరి ఊరి బద్దలు చాలు, రుబ్బేదానికి గుండు పప్పు దండగ. వెల్లుల్లితో పాటు అల్లం, రెండు పచ్చిమిర్చి, కరివేపాకు పడితే దీనికి ఒరెగానో గుర్తుకే రాదు. నిమ్మరసం అరచెంచా, దింపాక.

టమాటాకి కూడా ఈ జీడిపప్పే దారి. ముక్కలు వెల్లుల్లితో పాటు వేసి, పచ్చివాసన పోయి నూనె తేలేదాకా మగ్గనిచ్చి, తర్వాత నీళ్లు, పాస్తా. మూత తీశాక పాలు పోయకండి. జీడిపప్పు ముద్ద గాని మీగడ గాని కలపండి. మీగడలో కొవ్వు ఎక్కువ, పులుపుకి విరిగే పదార్థం తక్కువ, అందుకని తట్టుకుంటుంది. పావుచెంచా పంచదార వేస్తే పులుపు కాస్త కుదురుకుంటుంది.

భీమవరం రొయ్య

కొబ్బరిపాల దాకా వచ్చి రొయ్య లేకుండా ఎలాగండీ. పావుకిలో వనామి, ఒలిచి వీపు మీద గాటు పెట్టి నల్ల నరం తీసినవి. పసుపు, ఉప్పు, మిరియాలు పట్టించి పది నిమిషాలు. కుక్కరులో వెన్న వేడెక్కగానే మొదట ఇవే వేసి ఒక్కో వైపు నిమిషంన్నర. అరచందమామలా వంగి గులాబీ రంగు తిరగ్గానే తీసి పక్కన పెట్టేయండి. సున్నాలా చుట్టుకుందంటే రబ్బరే. ఆ అడుగున మిగిలిన వెన్నలోనే వెల్లుల్లి, ఉల్లి, మిగతా పనంతా. మూత తీసి సాస్ కుదిరాక చివరి నిమిషంలో రొయ్యలు, పక్కన దిగిన రసంతో సహా. మూత కింద రొయ్య పెడితే రెండు నిమిషాలకే ముడుచుకుపోయి సగమవుతుంది. రొయ్య వేస్తే చీజ్ మానేయండి, ఆ వాసన ఈ వాసనని మింగేస్తుంది.

పలుకు ముఖ్యం

ఒకటి మర్చిపోయాను. పాస్తా నురగ కట్టేది కాబట్టి కుక్కరు సగానికి మించి నిండకూడదు, నీళ్లూ కూరగాయలూ కలిపి. ఐదు లీటర్లదానికి పావుకిలో హాయిగా పడుతుంది. మూడు లీటర్లదానికి అంతకు మించి వద్దు.

పాలు పొంగిన కుక్కరుని అలాగే మళ్లీ పెట్టకండి. వెయిట్ తీసి, మూతని వెలుతురుకి ఎత్తి గొట్టంలోంచి చూడండి. అవతలి వెలుతురు గుండ్రంగా కనబడాలి. ఎండిన పాల తెట్టె ఉంటే వేడినీళ్లలో నానబెట్టి పిన్నీసుతో తీయండి. వెయిట్ లోపలి వైపు కూడా. గ్యాస్కెట్ తీసి గాడిలో వేలు తిప్పి చూడండి, జిగురు తగిలితే కడగాలి. అక్కడ పాల జిగురు ఉంటే మూత బిగవక పక్కల నుంచి ఆవిరి పోతుంది, విజిల్ రాదు, నీళ్లు ఇగిరిపోయి ఈసారి పాలు లేకుండానే మాడుతుంది. మంట పెట్టి ఏడెనిమిది నిమిషాలైనా మొదటి విజిల్ రాలేదంటే ఎదురుచూడకుండా కట్టేసి మూత సరిచూడండి.

కొత్తపేట వంటిల్లు

గొట్టంలో నిజంగానే తెట్టె ఉందండి, తీసేశాను. చివరిగా, మిగిలింది పొద్దున్న పిల్లల క్యారియరులోకి పెట్టొచ్చా?

పాలబూత్

పాలు, చీజ్‌తో చేసిందైతే చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, రాత్రంతా బయట ఉంచొద్దు. పొద్దున్నకి గడ్డకట్టి ఉంటుంది. గిన్నెలో నాలుగైదు చెంచాల పాలు వేడెక్కాక పాస్తా వేసి, సిమ్‌లో మూతపెట్టి రెండు నిమిషాలు ఉంచి అప్పుడు కలపండి, ముందే గరిటె పెడితే ముక్కలు విరిగిపోతాయి. కొబ్బరిపాలదీ, రొయ్యలదీ మాత్రం క్యారియరులోకి వద్దు. మన ఎండకి మధ్యాహ్నం గంట కొట్టేలోపే పులిసిపోతుంది. ఆ రాత్రికే సరిపడా చేసుకోండి.