అప్‌డేట్: మాట్లాడకుండానే రాసిన ఆ కొటేషన్ సంగతి

రోజుకు 12 వార్తల టార్గెట్ అందుకోలేక, ఒకావిడతో మాట్లాడకుండానే ఆవిడ అన్నట్టు కొటేషన్ రాశానని పోయిన నెల చెప్పాను కదా. మీరన్నట్టే తప్పు ఒప్పుకుంటూ ఎడిటర్‌కు మెయిల్ పెట్టాను. "వ్యూస్ బాగున్నాయి, వదిలెయ్" అన్నారు.

వదల్లేకపోయాను. ఆవిడకు ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మాయి అది చదివి నాతో మాట్లాడటం మానేసింది" అన్నారు. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

2018లో జర్మనీ వారపత్రిక డెర్ స్పీగెల్‌లో రిపోర్టర్ క్లాస్ రెలోటియస్ కల్పిత కథనాలు బయటపడింది తోటి రిపోర్టర్ హువాన్ మొరెనో పట్టు విడవకపోవడం వల్లే. మొదట్లో ఆఫీసు ఆయన్ని నమ్మలేదు. ఇక్కడ కల్పించింది నేనే, కాబట్టి నోరు విప్పాల్సిందీ నేనే. లీగల్ టీమ్‌కు రాశాను.

నిన్న కొటేషన్ తీసేసి, సవరణ వేశారు. టార్గెట్ మాత్రం ఇంకా 12.