పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం, నా మీద నాకే నమ్మకం పోతోంది. మీరెలా నిలబెట్టుకున్నారు?

గుంటూరు_అమ్మాయి:

అందరికీ నమస్తే. మందుల పేర్లో డాక్టర్ల పేర్లో అడగడానికి పెట్టిన పోస్టు కాదిది. నాకు 31 ఏళ్ళు, పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి ఏడాది దాటింది. థైరాయిడ్, స్కాన్, ట్యూబ్ టెస్ట్, ఏది చేయించుకున్నా నార్మల్ అనే వచ్చింది. పీసీఓడీ కొంచెం ఉన్నట్టుందని ఒక డాక్టర్ అంటే, అలాంటిదేం లేదని ఇంకొకరు అన్నారు.

నా బాధ వేరే. నా ఒంటిని నేను నమ్మలేకపోతున్నాను. ప్రతి నెలా చివరి వారం రొమ్ముల్లో సలుపు, ఒళ్ళంతా బద్ధకం, కాఫీ వాసన పడకపోవడం, ఇవేవీ నేను ఊహించుకునేవి కావు, నిజంగానే ఉంటాయి, దాంతో ఈసారి ఖాయం అనుకుంటాను, తీరా డేట్ వచ్చేస్తుంది. తెల్లారకముందే లేచి కిట్‌తో చూసుకుంటాను. ఒక్క గీతే కనిపిస్తే దాన్ని ట్యూబ్‌లైట్ కిందికి పట్టుకెళ్ళి అటూ ఇటూ వంచి చూస్తాను, ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూస్తాను, చెత్తబుట్టలో పడేసిన దాన్ని స్నానం చేసి వచ్చాక మళ్ళీ బయటికి తీస్తే లేతగా ఇంకో గీత ఉన్నట్టనిపిస్తుంది, ఇక ఆ రోజు ఏ పనీ సాగదు.

బ్యాంకులో లోన్ ఫైళ్ళు చూసే ఉద్యోగం నాది. అక్కడ సంతకం పెట్టేటప్పుడు తడబడను. ఇంటికొచ్చేసరికి మాత్రం బొప్పాయి తినొచ్చా, స్కూటీ మీద వెళ్ళొచ్చా, మెట్లెక్కొచ్చా అని ప్రతిదానికీ ఎవరో ఒకరిని అడగాల్సి వస్తోంది. అత్తయ్యగారు ఒకటి చెప్తారు, అమ్మ ఇంకోటి చెప్తుంది, యాప్ మరోటి చూపిస్తుంది. ఏ శ్రీమంతానికి వెళ్ళినా "ఏమ్మా, ఏమైనా విశేషమా" అనే ప్రశ్న. మొన్న మా తోడికోడలి చెల్లెలి శ్రీమంతానికి వెళ్ళాలా మానాలా అన్నది కూడా తేల్చుకోలేక చీర కట్టుకుని గంటసేపు మంచం మీద కూర్చున్నాను.

టెన్షన్ పడకు, అదే అవుతుంది అని మాత్రం దయచేసి చెప్పొద్దు. ఈ దశ దాటినవాళ్ళు, లేదా ఇందులోనే ఉన్నవాళ్ళు, మీ మీద మీకు నమ్మకం ఎలా నిలిచిందో చెప్పండి.

కాజీపేట_అక్క:

చెల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. ముందుగా ఒక్క మాట. నీ ఒళ్ళు నీకు అబద్ధం చెప్పడం లేదు. ఎగ్ రిలీజ్ అయ్యాక సుమారు రెండు వారాల పాటు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారవుతుంది, గర్భం నిలిచినా నిలవకపోయినా అది వస్తుంది, నువ్వు చెప్పిన సలుపు, బద్ధకం చాలావరకు దానివల్లే. అంటే ఆ లక్షణాలు నిజమే, కానీ వాటిని బట్టి ఈ నెల నిలిచిందో లేదో తెలియదు. ఎగ్ రిలీజ్ అయ్యాక పిండం గర్భసంచికి అంటుకోవడానికి మామూలుగా ఆరు నుంచి పది రోజులు పడుతుంది, ఆ తర్వాతే కిట్‌కి అందే హార్మోన్ మొదలవుతుంది. అంతకుముందు ఎంత జాగ్రత్తగా గమనించుకున్నా జవాబు దొరకదు. ఇది అర్థమయ్యాక నాకు నా మీద కోపం తగ్గింది, ఎందుకంటే అప్పటిదాకా ప్రతి నెలా నేనేదో మోసపోయినట్టు అనిపించేది.

ఒళ్ళు చెప్పగలిగినవి వేరే ఉన్నాయి. నెల మధ్యలో తెల్లసొనలా సాగే డిశ్చార్జ్ కనిపిస్తే ఎగ్ రిలీజ్ దగ్గరపడిందని అర్థం. పొద్దున్నే మంచం దిగకముందు టెంపరేచర్ చూసుకుంటే, రిలీజ్ అయ్యాక కొద్దిగా పెరిగి అలాగే ఉంటుంది. యాప్ చూపించే 14వ రోజు ఉత్త లెక్క, నీ ఒంటిని చూసి చెప్పింది కాదు. నాకు నెల 33 రోజులకి వచ్చేది, ఎగ్ ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్‌లో చూస్తే ఎగ్ 19వ రోజుకో 20వ రోజుకో రిలీజ్ అయ్యేది. స్కాన్ చేసిన డాక్టర్ చెప్పకముందే ఈరోజో రేపో అని నాకు తెలిసిపోయేది. నా ఒంటి సంగతి నాకు తెలుసు అన్న ధైర్యం అక్కడ మొదలైంది, ఫలితం ఇంకా చాలా దూరంలో ఉండగానే. అలాగని నువ్వూ రోజూ చార్టు రాయాలని కాదు. కొందరికి టెంపరేచర్ చూడటమే ఇంకో టెన్షన్ అవుతుంది. అలాగైతే మానెయ్, డేట్ అయిపోయాక రోజు విడిచి రోజు కలిసి ఉంటే ఆ రోజులు ఎలాగూ అందులోకే వస్తాయి.

ఇక కిట్ సంగతి. డబ్బా మీద చదువు, ఐదు నిమిషాలకో ఎంతకో చూడమని రాసి ఉంటుంది. ఆ టైము దాటాక తడి ఆరుతున్నప్పుడు వచ్చే లేత గీతకి అర్థం లేదు, స్నానం చేసి వచ్చాక చూస్తే ఏం కనిపించినా లెక్కలోకి రాదు. డేట్ తప్పిన రోజు దాకా కిట్ కొనకూడదని నాకు నేను ఒక మాట అనుకున్నాను. చిన్న మాటే. కానీ ఒక నెల నిలబెట్టుకున్నాక, ఆ నెల కూడా డేట్ వచ్చింది, ఏడ్చాను, అయినా నాకు నేను ఇచ్చిన మాట తప్పలేదన్నది మిగిలింది. ఆ తర్వాత ఇంకో మాట. శ్రీమంతాలకి మనసు ఉంటేనే వెళ్తాను, లేకపోతే ముందు రోజే ఫోన్ చేసి రావడం లేదని చెప్పేస్తాను, కారణం చెప్పను. మా అమ్మ నొచ్చుకుంది, తర్వాత అలవాటు పడింది.

మెట్లెక్కితేనో స్కూటీ నడిపితేనో గర్భం నిలవదనేదానికి ఆధారం లేదు. పండిన బొప్పాయి సంగతి మా డాక్టర్‌నే అడిగాను, మామూలుగా తినమన్నారు. నువ్వూ ఒకసారి మీ డాక్టర్‌ని అడిగి ఆ జవాబు మీదే ఉండు, మళ్ళీ పదిమందిని అడగకు.

ల్యాబ్_మనిషి:

మేడమ్, ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి ఒకటి అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మీరు రాసిన టెస్టులన్నీ మీవే. మీవారికి సెమెన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష, చేయించారా?

గుంటూరు_అమ్మాయి:

లేదండీ. ఆయన్ని అడగాలంటే మొహమాటం. అత్తయ్యగారు "వాడికేం, రాయిలా ఉన్నాడు" అంటారు. డాక్టర్ కూడా మొదట్లో ఒకసారి అని, తర్వాత మళ్ళీ అడగలేదు.

ల్యాబ్_మనిషి:

అదే అనుకున్నాను. మా దగ్గర రోజూ చూస్తుంటాను, ఆవిడ ఫైలు నిండా రిపోర్టులు ఉంటాయి, ఆయన పేరు మీద ఒక్క కాగితం ఉండదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. మనిషి బలంగా ఉండటానికీ వీర్యకణాల కౌంట్‌కీ సంబంధం లేదు. మీ టెస్టులతో పోలిస్తే ఇది చాలా తేలిక, సూది లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, అంతే. ఒకసారి తక్కువ వచ్చినా కంగారు పడక్కర్లేదు, మళ్ళీ చేయించి చూస్తారు, ఎందుకంటే వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, రెండు నెలల కింద వచ్చిన గట్టి జ్వరం కూడా ఈరోజు రిపోర్టులో కనిపించవచ్చు. 2021లో డబ్ల్యూహెచ్ఓ ఇచ్చిన మాన్యువల్ ప్రకారం మిల్లీలీటరుకి 1.6 కోట్ల వీర్యకణాలు కింది హద్దు. అంతకంటే తగ్గితే ఇక పిల్లలు పుట్టరని కాదు, డాక్టర్ చూడాలని.

మీ మీద మీకు నమ్మకం పోవడానికి ఇదీ ఒక కారణమేమో ఆలోచించండి. ఇద్దరి సంగతిని ఒక్కరి ఒంట్లోనే వెతుకుతూ ఉంటే ఆ ఒక్కరికీ తనలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది.

రాజమండ్రి_బాబు:

భర్తగా ఒక మాట. నా టెస్టు చేయించుకున్న రోజు సాయంత్రం మా అమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పాను, ఇకమీదట ఈ విషయం అడగాలంటే నన్నే అడుగు, తనని అడగొద్దు అని. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత మా ఆవిడకి వచ్చే ఫోన్లు ఆగాయి. ఇది మీరు మీ అత్తయ్యగారితో చెప్పాల్సిన మాట కాదండీ, మీవారు చెప్పాల్సింది. ఆయనతో సూటిగా "నువ్వు చెప్పు" అనండి. మగవాళ్ళలో చాలామందికి సూటిగా చెప్తే తప్ప అర్థం కాదు, మొహమాటంతో తిప్పి తిప్పి చెప్తే మాకు అందదు.

వరంగల్_స్వాతి:

మధ్యలో వస్తున్నందుకు సారీ. రక్తపరీక్షలో నాకు ఏఎంహెచ్ తక్కువ అని చెప్పినప్పటి నుంచి నిద్ర లేదు. ఇక టైము అయిపోయినట్టేనా?

కాజీపేట_అక్క:

కాదు స్వాతీ. అండాల నిల్వ ఎంత ఉంది, ఐవీఎఫ్ ఇంజెక్షన్లు వేస్తే ఎన్ని ఎగ్స్ రావచ్చు అన్నది ఏఎంహెచ్ అంచనా వేస్తుంది. ఈ నెల మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది అది చెప్పదు. అయితే తక్కువ ఉందన్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా తర్వాత ఏం చేయాలో డాక్టర్‌ని అడుగు, వయసు 35 దాటితే ఆరు నెలల ప్రయత్నానికే చూపించుకోమంటారు. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగుతుంటే 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

విశాఖ_సముద్రం:

నాకు 44. మాకు పిల్లలు కలగలేదు. ఈ చర్చలో ఈ మాట కూడా ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

నమ్మకం పెట్టుకో, తప్పకుండా అవుతుంది అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. కాకపోతే నేను సరిగ్గా నమ్మలేదనేగా అర్థం. నేను నా మీద పెట్టుకున్న నమ్మకం అది కాదమ్మా. అయినా కాకపోయినా ఆ రోజు నాకున్న సమాచారంతో నేను సరైన నిర్ణయమే తీసుకుంటానన్న నమ్మకం. ఐవీఎఫ్‌కి వెళ్ళేముందు మా ఆయనా నేనూ వంటింట్లో కూర్చుని ఎంత డబ్బు దాకా, ఎన్నిసార్లు దాకా, అప్పు చేస్తామా చేయమా అని కాగితం మీద రాసుకున్నాం. అక్కడికి చేరినప్పుడు ఇంకొక్కసారి చూడండి అని ఆస్పత్రిలో అన్నారు. ఆ కాగితం తీసి చూసుకున్నాం, ఆగిపోయాం. చాలా ఏడ్చాను. కానీ ఆ నిర్ణయం మాది, దాని గురించి ఇప్పటికీ నాకు రెండో ఆలోచన లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళు. ఈ మందు ఎందుకు, ఎన్ని నెలలు, పని చేయకపోతే తర్వాత ఏంటి. బయట ఇరవైమంది ఉన్నారని కంగారుపెట్టినా కాగితంలో చివరి ప్రశ్న అయ్యేదాకా కుర్చీ లేవకు. ఇంకోటి, ప్రొజెస్టిరాన్ మాత్రలు ఇస్తే అవి డేట్‌ని వెనక్కి నెట్టగలవు, గర్భం లాంటి లక్షణాలే తెప్పిస్తాయి. ఎగ్ రిలీజ్ కోసం ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు కిట్ పాజిటివ్ చూపిస్తుంది, గర్భం లేకున్నా. ఇవి ముందే తెలిస్తే గుండె రాయి చేసుకోవడం కొంచెం తేలిక. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు.

మొక్కుల గురించి కూడా అడుగుతారుగా. నాగుల చవితికి పుట్టలో పాలు పోయమని అందరూ అనేవాళ్ళు. నాకు మనసు పుట్టిన ఏడు వెళ్ళాను, పుట్టనప్పుడు వెళ్ళలేదు. 2024 ఏప్రిల్‌లో చిలుకూరులో సంతానం కోసం గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి జనం పోటెత్తితే హైదరాబాద్ వైపు రోడ్లు స్తంభించిపోయాయి. టీవీలో ఆ కార్ల వరుస చూసి, ఇంతమంది ఉన్నామా అనుకున్నాను. నీకు వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, ఎవరో తిడతారని మాత్రం వెళ్ళకు.

గుంటూరు_అమ్మాయి:

అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. ఈ మాటలన్నీ మావారికి చదివి వినిపించాను. సముద్రం గారి పోస్టు దగ్గర ఆయన ఫోన్ తీసుకుని తనే చదువుకున్నారు. టెస్టుకి ఒప్పుకున్నారు, వాళ్ళమ్మతో కూడా తనే మాట్లాడతానన్నారు. నేను ఈ నెల డేట్ తప్పేదాకా కిట్ కొననని అనుకున్నాను, ఉన్న రెండూ మా అక్కకి ఇచ్చేశాను. భయం అలాగే ఉంది, కానీ రేపు డాక్టర్‌ని ఏం అడగాలో రాసుకున్నాను.

ల్యాబ్ వాళ్ళకి ఒక సందేహం. శాంపిల్ అక్కడే ఇవ్వాలా, ఇంటి నుంచి తేవచ్చా? ఆయనకి అక్కడ ఇవ్వడం ఇబ్బందిగా ఉంటుందట.

ల్యాబ్_మనిషి:

తేవచ్చు మేడమ్, చాలా ల్యాబ్‌లు ఒప్పుకుంటాయి, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి, డబ్బా వాళ్ళే ఇస్తారు. మామూలు కండోమ్, ఆయిల్, క్రీమ్ లాంటివి వాడొద్దు. గంటలోపు చేర్చాలి, చలి తగలకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి తెమ్మనండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. కొంచెం ఒలికిపోయినా దాచకుండా చెప్పమనండి, లెక్క తేడా వస్తుంది. రిపోర్టు వచ్చాక ఇద్దరూ కలిసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.